లాప్‌టాప్‌లో విండోస్ ఇన్‌స్టాల్ చేస్తుంటే కొత్త ఎస్ఎస్‌డీ కనబడడం లేదు

తొలిఅడుగు:
అందరికీ నమస్కారం. నా లాప్‌టాప్‌లోని 256 జీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్) నిండిపోవడంతో దానిని తీసి, కొత్త 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా నడిచే రకం) ఎస్ఎస్‌డీని బిగించాను. ప్రాసెసర్ ఇంటెల్ 12వ తరం కోర్ ఐ5. మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ 11 యూఎస్‌బీ తయారు చేసుకుని దానితో బూట్ చేశాను. భాష, కీబోర్డు ఎంపికలు దాటి, ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలని అడిగే చోటికి వచ్చేసరికి జాబితా పూర్తిగా ఖాళీగా ఉంది. డ్రైవ్‌లేవీ దొరకలేదనీ, డ్రైవర్ లోడ్ చేయమనీ ఒక సందేశం మాత్రం వస్తోంది. ఎస్ఎస్‌డీని రెండుసార్లు తీసి మళ్లీ బిగించాను, వేరే యూఎస్‌బీ పోర్టు వాడాను, యూఎస్‌బీని మొదటినుంచి మళ్లీ తయారు చేశాను. ఫలితం మారలేదు. ఎఫ్12 నొక్కితే వచ్చే బూట్ మెనూలో కూడా కొత్త డ్రైవ్ పేరు లేదు. డ్రైవే చెడిపోయి వచ్చిందేమో, వెనక్కి పంపాలేమో అనిపిస్తోంది. పంపే ముందు ఇక్కడ అడగడం మంచిదనుకున్నాను.

నిదానం:
తొలిఅడుగు గారూ, డ్రైవ్‌ను ఇప్పుడే వెనక్కి పంపకండి. బూట్ మెనూలో కనబడకపోవడం డ్రైవ్ లోపానికి గుర్తు కాదు. యూఈఎఫ్ఐ (ఇప్పటి లాప్‌టాప్‌లు బూట్ అయ్యే) పద్ధతిలో బూట్ మెనూ చూపేది లాప్‌టాప్‌లో ఉన్న డ్రైవ్‌లన్నిటినీ కాదు, బూట్ చేయడానికి పనికివచ్చే ఫైళ్లు ఉన్న వాటిని. కొత్త డ్రైవ్‌లో ఇంకా ఏమీ లేదు కాబట్టి అక్కడ దాని పేరు లేకపోవడం సహజమే.

చూడవలసిన చోటు వేరే ఉంది. బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే లాప్‌టాప్ సొంత అమరికల తెరలోకి) వెళ్లి, సిస్టమ్ సమాచారం చూపే పేజీలో గాని, స్టోరేజ్ పేరుతో ఉండే పేజీలో గాని ఎస్ఎస్‌డీ నమూనా పేరు, పరిమాణం కనబడుతున్నాయో లేదో చెప్పండి. అక్కడ కూడా లేకపోతే స్లాటునో, బిగింపునో, డ్రైవ్‌నో అనుమానించాలి. అక్కడ ఉండి ఇన్‌స్టాలర్‌లో లేకపోతే డ్రైవ్ బాగానే ఉంది, దానిని చేరుకునే దారి ఇన్‌స్టాలర్‌కు తెలియడం లేదన్నమాట. ఈ ఒక్క విషయం తేలకుండా మనం ఏ సలహా ఇచ్చినా చీకట్లో రాయి వేసినట్టే అవుతుంది.

తొలిఅడుగు:
ఇప్పుడే చూశాను. బయోస్ మొదటి పేజీలోనే ఎస్ఎస్‌డీ నమూనా పేరు, క్రమసంఖ్య రెండూ కనబడుతున్నాయి. మీ మాట చదివాక కొంత ధైర్యం వచ్చింది.

చిన్నమర:
అయితే ఇది వీఎండీ (ప్రాసెసర్‌లోని ఒక స్టోరేజ్ కంట్రోలర్) వ్యవహారమే. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన లాప్‌టాప్‌లలో ఇది తరచుగా ఎదురవుతుంది. బయోస్‌లో అడ్వాన్స్‌డ్ విభాగంలోనో, స్టోరేజ్ విభాగంలోనో వీఎండీ కంట్రోలర్ అనే ఎంపిక ఉంటుంది. దానిని డిజేబుల్ చేసి, ఎఫ్10తో సేవ్ చేసి బయటకు వస్తే ఇన్‌స్టాలర్‌లో డ్రైవ్ వెంటనే కనబడుతుంది. రెండు నిమిషాల పని.

ఆ ఎంపిక కనబడకపోతే అది దాచిపెట్టి ఉండవచ్చు. ఉదాహరణకు ఏసర్ వారి అనేక నమూనాలలో బయోస్‌లోని మెయిన్ పేజీలో ఉండి కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కితే అప్పటిదాకా లేని వీఎండీ వరుస ప్రత్యక్షమవుతుంది. వేరే సంస్థల లాప్‌టాప్‌లలో అదే ఎంపిక శాటా మోడ్, స్టోరేజ్ మోడ్, ఆర్ఎస్‌టీ అనే పేర్ల కింద ఉంటుంది.

నిదానం:
చిన్నమర గారు చెప్పినది పనిచేస్తుంది, కాదనను. అయితే వీఎండీ అంటే ఏమిటో తెలుసుకున్నాక ఆ మార్పు చేయడం మంచిది.

వీఎండీ అంటే వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్. ఇది ప్రాసెసర్‌లోనే ఉండే ఒక కంట్రోలర్. మొదట సర్వర్ ప్రాసెసర్లలో వచ్చి, 2020లో 11వ తరంతో లాప్‌టాప్‌లలోకి ప్రవేశించింది. మామూలుగా ఎన్‌వీఎంఈ డ్రైవ్ పీసీఐ మార్గంలో నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనబడుతుంది. ఆ డ్రైవ్‌లతో మాట్లాడే డ్రైవర్ విండోస్ 8.1 నాటి నుంచి విండోస్‌లోనే ఉంది. వీఎండీ ఎనేబుల్ అయి ఉన్నప్పుడు మాత్రం డ్రైవ్ ఆ కంట్రోలర్ వెనక్కి వెళ్లిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు వీఎండీ ఒక్కటే కనబడుతుంది గాని దాని వెనుక ఉన్న డ్రైవ్ కనబడదు. వీఎండీతో మాట్లాడగల ఇంటెల్ ఆర్ఎస్‌టీ (ఇంటెల్ వారి స్టోరేజ్ సాఫ్ట్‌వేర్) డ్రైవర్ మీ యూఎస్‌బీలో లేదు కాబట్టి మీకు జాబితా ఖాళీగా వచ్చింది. బయోస్‌కు ఆ భాష ముందే తెలుసు కాబట్టి అక్కడ పేరు కనబడింది. రెండింటిలో ఏదీ అబద్ధం చెప్పడం లేదు.

కాబట్టి దారులు రెండు. ఇన్‌స్టాలర్‌కు ఆ డ్రైవర్ అందించడం ఒకటి, వీఎండీని ఆపివేయడం రెండవది. రెండు ఎస్ఎస్‌డీలను కలిపి రెయిడ్‌గా (ఒకే డ్రైవ్‌లా) వాడుతున్న లాప్‌టాప్‌లో వీఎండీ ఆపితే ఆ రెయిడ్ చెదిరిపోతుంది. లాప్‌టాప్ తయారుచేసినవారు ఏ అమరికతో పంపారో ఆ అమరికలోనే ఉంచి, లోపించిన డ్రైవర్‌ను ఇవ్వడమే నాకు సరైన పద్ధతిగా తోస్తుంది.

చిన్నమర:
రెయిడ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ తొలిఅడుగు గారిది ఒకే డ్రైవ్, అదీ ఖాళీ డ్రైవ్. అటువంటి చోట వీఎండీ వల్ల ఒనగూరే లాభం నాకు కనబడలేదు. పైగా రేపు విండోస్ మొండికేసి, ఏదైనా రెస్క్యూ యూఎస్‌బీతో బూట్ చేసి ఫైళ్లు బయటకు తీసుకోవలసి వస్తే, ఆ యూఎస్‌బీకి కూడా ఇదే డ్రైవ్ కనబడదు. ఆ ఆందోళనలో డ్రైవర్ వెతుక్కోవడం ఎంత కష్టమో నేను స్వయంగా అనుభవించాను. అందుకే ఖాళీ డ్రైవ్‌తో మొదలుపెట్టేవారికి వీఎండీ ఆపమనే చెబుతాను.

నిదానం:
రెస్క్యూ యూఎస్‌బీ గురించి మీరన్నది బలమైన వాదన, ఒప్పుకుంటున్నాను. ఖాళీ డ్రైవ్ అయినప్పుడు ఏ దారిలో వెళ్లినా నష్టం లేదు. ఒకసారి విండోస్ ఎక్కించాక మాత్రం ఆ అమరికను అటూ ఇటూ మార్చకూడదు. ఏది ఎంచుకుంటే దానికే కట్టుబడి ఉండాలి.

తొలిఅడుగు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నా బయోస్‌లో ప్రతి పేజీ వెతికాను. వీఎండీ అనే ఎంపిక ఎక్కడా లేదు, కంట్రోల్, ఎస్ నొక్కినా ఏమీ మారలేదు. కాబట్టి నాకు డ్రైవర్ దారే మిగిలింది. లాప్‌టాప్ సంస్థ సపోర్ట్ పేజీలో నా నమూనాకు ఇచ్చిన ఆర్ఎస్‌టీ డ్రైవర్‌ను వేరే కంప్యూటర్‌లో దించుకుని యూఎస్‌బీలో పెట్టాను. ఇన్‌స్టాలర్‌లో లోడ్ డ్రైవర్ నొక్కి, బ్రౌజ్‌లో యూఎస్‌బీ తెరిస్తే ఆ ఫైలు అసలు కనబడడం లేదు. ఫైలు యూఎస్‌బీలో ఉందని మరో కంప్యూటర్‌లో మళ్లీ చూసుకున్నాను. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

రాగితీగ:
మీరు పెట్టినది ఎగ్జిక్యూటబుల్ ఫైలు అయి ఉంటుంది. ఆ బ్రౌజ్ కిటికీకి కావలసింది ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్ కాదు, ఐఎన్ఎఫ్ ఫైలు (డ్రైవర్‌ను ఎలా ఎక్కించాలో విండోస్‌కు చెప్పే ఫైలు) ఉన్న ఫోల్డర్. జిప్‌గా పెట్టినా, ఈఎక్స్‌ఈగా పెట్టినా దానికి లెక్కలేదు.

జిప్ అయితే మరో కంప్యూటర్‌లో విప్పి, విప్పిన ఫోల్డర్‌ను యూఎస్‌బీలోకి ఎక్కించండి. ఇంటెల్ వారి సెటప్ఆర్ఎస్‌టీ అనే ఈఎక్స్‌ఈ ఫైలు అయితే దానిని రెండుసార్లు నొక్కి నడపవద్దు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫైలు పేరు తరువాత ఖాళీ విడిచి, ఒక అడ్డగీత, దానికి ఆనించి ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అనే మాట, మళ్లీ ఖాళీ విడిచి మీకు కావలసిన ఫోల్డర్ పేరు ఇస్తే డ్రైవర్ ఫైళ్లన్నీ ఆ ఫోల్డర్‌లోకి వచ్చి పడతాయి. వాటిలో వీఎండీ పేరుతో ఒక ఫోల్డర్, అందులో ఐఏస్టోర్‌వీడీ అనే ఐఎన్ఎఫ్ ఫైలు ఉంటాయి. మీకు కావలసినది అదే. పక్కనే ఏహెచ్‌సీఐ పేరుతో ఉండేది వేరే కంట్రోలర్‌కు సంబంధించినది, దానిని ఎంచుకుంటే ఉపయోగం లేదు.

ఇంకొక మాట. లోడ్ డ్రైవర్ కిటికీలో, మీ హార్డ్‌వేర్‌కు సరిపడని డ్రైవర్లను దాచు అనే అర్థం వచ్చే చెక్‌బాక్స్ టిక్ చేసి ఉంటుంది. దానిని అలాగే ఉంచండి. టిక్ ఉన్నప్పుడు జాబితా ఖాళీగా వస్తే మీరు తెచ్చిన డ్రైవర్ మీ ప్రాసెసర్‌కు తగినది కాదని ముందే తెలిసిపోతుంది. టిక్ తీసేసి కనబడినదల్లా ఎక్కించడం నేను చాలామంది చేయగా చూశాను, దానివల్ల ఎవరికీ మేలు జరగలేదు.

తొలిఅడుగు:
మీరు ఊహించినది నిజమే, నేను పెట్టినది ఈఎక్స్‌ఈ ఫైలే. ఈ రాత్రి మళ్లీ ప్రయత్నించి చెబుతాను. ఈలోగా ఒక సందేహం. మరొక చోట ఒకరు షిఫ్ట్, ఎఫ్10 నొక్కి డిస్క్‌పార్ట్ (డిస్కులను విభజించే, తుడిచే ఆదేశ సాధనం) తెరిచి క్లీన్ అని కొడితే డ్రైవ్ కనబడుతుందని రాశారు. అది కూడా చేసి చూడనా?

నిదానం:
దయచేసి చేయకండి. డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ డిస్క్ అని కొడితే మీకు ప్రస్తుతం డిస్క్ 0 అని ఒకే ఒక డ్రైవ్ కనబడుతుంది. డిస్క్ 0 అంటే లోపలి ఎస్ఎస్‌డీయే అనుకోవడం అందరికీ అలవాటు. కానీ మీ ఎస్ఎస్‌డీ వీఎండీ వెనుక ఉంది కాబట్టి అక్కడ కనబడేది మీ ఇన్‌స్టాలేషన్ యూఎస్‌బీ. దాని మీద క్లీన్ నడిపితే ఆ యూఎస్‌బీలోని పార్టిషన్ల వివరాలు తుడిచిపెట్టుకుపోతాయి. ఇంకెవరైనా బయటి హార్డ్ డిస్కును తగిలించి ఉంచి ఇదే పని చేస్తే వారి ఫొటోలు, పత్రాలు పోతాయి. పరిమాణం చూడకుండా క్లీన్ అనే మాట కొట్టకూడదు.

డిస్క్‌పార్ట్ వేరే జబ్బుకు మందు. డ్రైవ్ జాబితాలో కనబడుతూ, ఈ డ్రైవ్‌పై విండోస్ ఇన్‌స్టాల్ చేయలేము, ఇది జీపీటీ పద్ధతిలో ఉంది అనో ఎంబీఆర్ పద్ధతిలో ఉంది అనో (ఇవి డిస్కు విభజనల వివరాలు రాసే రెండు పద్ధతులు) సందేశం వచ్చినప్పుడు దాని అవసరం పడవచ్చు. అసలు కనబడని డ్రైవ్‌ను డిస్క్‌పార్ట్ రప్పించలేదు. కొత్త డ్రైవ్‌ను ముందుగా ఫార్మాట్ చేసి తేవాలన్న మాటలో కూడా నిజం లేదు. దారి సరిగ్గా ఉంటే ఫార్మాట్ చేయని డ్రైవ్ అన్‌అలొకేటెడ్ స్పేస్ అనే పేరుతో జాబితాలో తప్పకుండా కనబడుతుంది.

ఉషోదయం:
నేను ఈ చర్చను ఉదయం చదివి, ఒక పొరపాటు చేసి, సహాయం కోసం వచ్చాను. నా లాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది, 11వ తరం ప్రాసెసర్. పక్కన లినక్స్ ఎక్కించాలని ఉబుంటు యూఎస్‌బీతో బూట్ చేస్తే, ఆర్ఎస్‌టీ ఆపివేయమని చెప్పే పేజీ వచ్చి ఆగిపోయింది. చిన్నమర గారు చెప్పినట్టు బయోస్‌లో వీఎండీ ఆపాను. లినక్స్‌కు డ్రైవ్ కనబడింది గాని, విండోస్ మాత్రం నీలి తెరతో, బూట్ డివైస్ అందుబాటులో లేదన్న సందేశంతో మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. లోపల నా చదువుకు సంబంధించిన పత్రాలన్నీ ఉన్నాయి. అవి పోయాయా?

చిన్నమర:
ఉషోదయం గారూ, మీ పత్రాలు పోలేదు. ముందుగా బయోస్‌లోకి వెళ్లి వీఎండీని మళ్లీ ఎనేబుల్ చేయండి, విండోస్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ అడిగితే కంగారుపడకండి. అది 48 అంకెల సంఖ్య; మీరు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే సాధారణంగా ఆ ఖాతాలోనే భద్రపరచి ఉంటుంది, ఫోనులో తెరిచి చూసుకోవచ్చు.

నా మొదటి సలహాలో, ఇది ఖాళీ డ్రైవ్‌కు మాత్రమే అని స్పష్టంగా రాయవలసింది. రాయలేదు. మీరు పడిన ఇబ్బందికి క్షమించండి.

నిదానం:
జరిగినది ఇది. మీ విండోస్ వీఎండీ డ్రైవర్‌తో బూట్ కావడానికి అలవాటుపడి ఉంది. మీరు వీఎండీ ఆపగానే డ్రైవ్ నేరుగా పీసీఐ మీదికి వచ్చింది. అటువంటి డ్రైవ్‌కు కావలసిన డ్రైవర్ విండోస్‌లో ఉన్నప్పటికీ, బూట్ సమయంలో దానిని మొదట లేపాలన్న సంగతి విండోస్‌కు తెలియదు. అందుకే తన సొంత డ్రైవ్‌నే చేరుకోలేక నీలి తెర చూపింది.

మార్చాలంటే సేఫ్ మోడ్ మీదుగా వెళ్లాలి. వీఎండీ ఎనేబుల్ చేసి విండోస్‌లోకి వచ్చాక, ముందు ముఖ్యమైన పత్రాలన్నిటినీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, బిట్‌లాకర్ ఉంటే కీని కాగితంపై రాసుకుని దానిని సస్పెండ్ చేయండి. తరువాత ఎంఎస్‌కాన్ఫిగ్ (విండోస్ బూట్ అమరికల సాధనం) తెరిచి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్, మినిమల్ ఎంచుకోండి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు కాబట్టి ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఈ దశలోనే చూసుకోండి. రీస్టార్ట్ చేసి, విండోస్ తెరుచుకోకముందే బయోస్‌లోకి వెళ్లి వీఎండీ ఆపండి. విండోస్ ఈసారి సేఫ్ మోడ్‌లో లేస్తుంది. ఆ మోడ్‌లో విండోస్ తన దగ్గరున్న మౌలిక స్టోరేజ్ డ్రైవర్లన్నిటినీ లేపుతుంది కాబట్టి డ్రైవ్‌ను కొత్త దారిలో గుర్తుపడుతుంది. ఇక ఎంఎస్‌కాన్ఫిగ్‌లో పెట్టిన టిక్ తీసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే మామూలు విండోస్ వస్తుంది. రెండు డ్రైవ్‌ల రెయిడ్ ఉన్నవారు, పాత ఆప్టేన్ క్యాష్ మాడ్యూల్ (డ్రైవ్ వేగం పెంచే ఇంటెల్ ముక్క) జతచేసి ఉన్నవారు ఈ పద్ధతి జోలికి వెళ్లకూడదు. ముందు ఆ జతను విడదీయాలి.

పెంగ్విన్‌నేస్తం:
లినక్స్ కోసమే అయితే వీఎండీ ఆపవలసిన అవసరం అన్నిసార్లూ ఉండదు. వీఎండీ డ్రైవర్ 2016లో వచ్చిన 4.5 కెర్నల్ (లినక్స్ మూలభాగం) నుంచే లినక్స్‌లో ఉంది, 11వ తరం లాప్‌టాప్ ప్రాసెసర్ల గుర్తింపు సంఖ్యలు తరువాతి కెర్నళ్లలో చేరాయి. అందుకే పాత యూఎస్‌బీతో ఖాళీ చేతులతో తిరిగివచ్చినవారు అదే పంపిణీలో ఇటీవలి విడుదలతో ప్రయత్నిస్తే, వీఎండీ ఎనేబుల్ అయి ఉండగానే డ్రైవ్ కనబడే అవకాశం ఉంది. లైవ్ సెషన్‌లో టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌బీఎల్‌కే అని కొట్టి, ఎన్‌వీఎంఈ పేరుతో మొదలయ్యే వరుస ఉందో లేదో చూడండి.

10వ తరం, అంతకు ముందరి లాప్‌టాప్‌ల కథ వేరు. వాటిలో వీఎండీ లేదు. రెయిడ్ లేదా ఆర్ఎస్‌టీ మోడ్‌లో ఉంచితే ఎన్‌వీఎంఈ డ్రైవ్ శాటా కంట్రోలర్ వెనుక దాక్కుంటుంది. లినక్స్ కెర్నల్ ఆ సంగతి గమనించి, రీమ్యాప్ చేసిన ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఒకటి కనిపించిందనీ, దానిని వాడాలంటే బయోస్‌లో రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చమనీ డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల చిట్టాలో) స్పష్టంగా రాస్తుంది. అక్కడ మార్చడం తప్ప వేరే దారి లేదు. విండోస్ కూడా ఉంటే నిదానం గారు చెప్పిన సేఫ్ మోడ్ పద్ధతే శరణ్యం.

ఉషోదయం:
వీఎండీ ఎనేబుల్ చేయగానే విండోస్ తెరుచుకుంది. కీ అడిగింది, ఖాతాలో దొరికింది. పత్రాలన్నీ ఉన్నాయి, ప్రస్తుతం బయటి డిస్కులోకి కాపీ అవుతున్నాయి. నా ఉబుంటు యూఎస్‌బీ చాలా పాతది, కొత్త విడుదలతో మళ్లీ ప్రయత్నిస్తాను. అందరికీ నా కృతజ్ఞతలు.

కొత్తచిగురు:
నా సమస్య కొంచెం వేరు. నా ఎం.2 ఎస్ఎస్‌డీ బయోస్‌లో కూడా కనబడడం లేదు. స్లాటులో సరిగ్గా కూర్చుంది, మర కూడా బిగించాను.

రాగితీగ:
ఎస్ఎస్‌డీ బంగారు పళ్ల వరుసలో గాట్లు ఎన్ని ఉన్నాయో చూసి చెప్పగలరా? లేబుల్ మీద శాటా అని ఉందా, ఎన్‌వీఎంఈ అని ఉందా?

కొత్తచిగురు:
రెండు గాట్లు ఉన్నాయి. లేబుల్ మీద శాటా 6 గిగాబిట్/సె. అని ఉంది.

రాగితీగ:
అదే కారణం. ఎం.2 అనేది ఆకారానికి పేరు, లోపల నడిచే పద్ధతికి కాదు. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉండే 2280 ముక్క శాటాది కావచ్చు, ఎన్‌వీఎంఈది కావచ్చు. రెండూ అదే స్లాటులో చక్కగా ఇముడుతాయి. ఇటీవలి లాప్‌టాప్‌లలో చాలా స్లాట్లకు పీసీఐ తీగలు మాత్రమే కలిపి ఉంటాయి, అటువంటి చోట శాటా ముక్కను ఎంత గట్టిగా బిగించినా పలకదు. రెండు గాట్లు ఉన్నవి ఎక్కువగా శాటావే గాని అన్నీ కావు, కాబట్టి గాట్లకన్నా లేబుల్ మాటనే నమ్మాలి. మీ లాప్‌టాప్ సర్వీస్ మాన్యువల్‌లో ఆ స్లాటు ఏ రకాన్ని తీసుకుంటుందో రాసి ఉంటుంది. పీసీఐ మాత్రమే అని ఉంటే ఎన్‌వీఎంఈ డ్రైవ్ తీసుకోండి. శాటా ముక్కను పారేయకండి, శాటా ఎం.2కు పనికివచ్చే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెడితే బయటి డ్రైవ్‌గా బాగా ఉపయోగపడుతుంది.

కొత్తచిగురు:
మాన్యువల్ తీసి చూశాను, పీసీఐ మాత్రమే అని ఉంది. విప్పి బిగించి ఇన్ని రోజులు అలసిపోయాను, కారణం తెలియడమే పెద్ద ఊరట.

తొలిఅడుగు:
నా పని పూర్తయింది, వివరంగా చెబుతాను. రాగితీగ గారు చెప్పిన ఆదేశంతో డ్రైవర్‌ను విప్పి, వీఎండీ ఫోల్డర్‌ను మాత్రం యూఎస్‌బీలోకి కాపీ చేశాను. మొదటిసారి తొందరలో ఏహెచ్‌సీఐ ఫోల్డర్ చూపించాను, జాబితా ఖాళీగా వచ్చింది. వీఎండీ ఫోల్డర్ చూపించగానే ఇంటెల్ ఆర్ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్ 467ఎఫ్ అనే వరుస కనబడింది. దానిని ఎంచుకుని నెక్స్ట్ నొక్కాను. కొద్ది క్షణాల్లో డ్రైవ్ 0, అన్‌అలొకేటెడ్ స్పేస్, 931 జీబీ అని వచ్చింది.

పరిమాణం తగ్గిందేమిటని ఒక క్షణం భయపడ్డాను గాని, 1 టీబీని తయారీదారులు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తాయని గుర్తొచ్చింది. విండోస్ ఎక్కింది, ఇప్పుడు దాని నుంచే ఇది రాస్తున్నాను. వైఫై డ్రైవర్ కూడా లేకపోవడంతో కాసేపు ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ఇంటర్నెట్ వాడవలసి వచ్చింది; ఆ డ్రైవర్‌ను కూడా ముందే యూఎస్‌బీలో పెట్టుకుని ఉంటే బాగుండేది.

467ఎఫ్ అంటే ఏమిటో ఎవరైనా చెప్పగలరా?

రాగితీగ:
అది మీ ప్రాసెసర్‌లోని వీఎండీ కంట్రోలర్ గుర్తింపు సంఖ్య. 11వ తరంలో 9ఏ0బీ, 12వ తరంలో 467ఎఫ్, 13వ తరంలో ఏ77ఎఫ్ అని వస్తుంది. ఒకే ఫోల్డర్‌లో ఒకటికి మించిన తరాల డ్రైవర్లు ఉన్నప్పుడు ఏ వరుసను ఎంచుకోవాలో ఈ సంఖ్యతోనే తెలుస్తుంది.

చిన్నమర:
తొలిఅడుగు గారూ, ఆ వీఎండీ ఫోల్డర్‌ను యూఎస్‌బీలో అలాగే ఉంచండి. రెస్క్యూ యూఎస్‌బీ తయారు చేసుకున్న రోజున దానిలోకి కూడా ఒక ప్రతి కాపీ చేసుకోండి.

తొలిఅడుగు:
రెండింటిలోనూ పెట్టుకున్నాను. పాత 256 జీబీ ఎస్ఎస్‌డీని కూడా, అన్ని ఫైళ్లూ కొత్తదానిలోకి వచ్చాయని సరిచూసుకునే వరకు చెరపకుండా పక్కన ఉంచుతున్నాను.